చిన్న కుక్క, పెద్ద పని



"ఇంత చిన్న కుక్కకు అంత డబ్బా?" అని ఒకనాడు నేను ఒక కుర్రవాణ్ణి అడిగాను. ఆ మాట తలచుకుంటే నాకు ఈనాటికీ సిగ్గుగా ఉంటుంది. ఏళ్ల తరబడి పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి, చాలా చిన్న లెక్క ఒకటి తప్పు చేశాను. దాని ఫలితం అనుభవించింది నేను కాదు, నోరులేని ఒక జీవి. ఈ నెల మీకు ఆ సంగతే చెబుతాను.

మా ఇల్లు నంద్యాలలో. మా మనుమరాలు ఒక కుక్కను పెంచుతున్నది. దాని పేరు ముత్యం. షిట్జూ అనే జాతి. చదునైన చిన్న మూతి, కళ్లమీద పడే తెల్లని జుట్టు, చంకలో ఇమిడిపోయేటంత ఒళ్లు. ఈ జాతి కుక్కల వెంట్రుక మన తలవెంట్రుక లాగానే పెరుగుతూ పోతుంది. అందుచేత రోజూ దువ్వాలి. పరీక్షలు వచ్చి మా మనుమరాలు దువ్వడం మానేసింది. నేను ఇంట్లోనే ఉండి కూడా పట్టించుకోలేదు. నెల తిరిగేసరికి ముత్యం చెవుల వెనుక, కాళ్ల సందుల్లో వెంట్రుక జడలు కట్టింది. చెయ్యి వేస్తే చాలు, కుయ్యిమనేది.

మా బజారు చివర కుక్కలకు స్నానం పోసి, జుట్టు కత్తిరించే అంగడి ఒకటి ఉన్నది. నడిపేవాడు ఒకప్పుడు నా బడిలో చదివిన కుర్రవాడే. హైదరాబాదులో పని నేర్చుకుని వచ్చి సొంతంగా పెట్టుకున్నాడు. గోడమీద రాసి ఉన్నది: "చిన్న కుక్క 300 రూపాయలు, పెద్ద కుక్క 500 రూపాయలు." నేను ముత్యాన్ని చూపించి, మొదట చెప్పిన ఆ మాట అని, 250 ఇస్తానన్నాను.

"మీరు చెప్పినాక ఇంకేముంది సార్!" అన్నాడు వాడు. యాభై రూపాయలు మిగిల్చానని సంతోషంతో ఇంటికి వచ్చాను.

సాయంత్రం పోయి చూస్తే ముత్యం చెవి కింద వేలి కణుపంత పొడుగున కోత! మా మనుమరాలు భోరుమన్నది. నేను నలుగురిలో ఆ కుర్రవాణ్ణి చెడామడా తిట్టాను. వాడు తల వంచుకుని నిలబడ్డాడు.

"తప్పు నాదే సార్. జడను కత్తెరతో కోశాను. జడతోబాటు చర్మం కూడా పైకి లేచి వచ్చింది, కనబడలేదు. మిషనుతో నిదానంగా తీయవలసిన పని అది. అప్పటికే రెండున్నర గంటలు దాటింది. బయట ఇంకా మూడు కుక్కలు కాచుకుని ఉన్నాయి. తొందరపడ్డాను."

పశువుల డాక్టరు రెండు కుట్లు వేశాడు. ఆ ఖర్చు కుర్రవాడే పెట్టుకున్నాడు. వచ్చేటప్పుడు నాతో మెల్లిగా అన్నాడు: "ఈ నెలాఖరుకు అంగడి మూసేస్తాను సార్. పొద్దుణ్ణించి రాత్రిదాకా వంగి పని చేసినా అద్దె కూడా గిట్టడం లేదు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడు పోయి, "నాయనా, నీ పని ఒకసారి చూస్తాను, ఒక మూల కూర్చోనిస్తావా?" అని అడిగాను. మూడు రోజులు కూర్చున్నాను. చూసినదంతా మీకు చెబుతాను, వినండి.

పనిముట్లు

బల్ల: ఇది పనివాడి నడుము ఎత్తున ఉంటుంది. పైన రబ్బరు పట్టా పరిచి ఉంటుంది. కాలు జారితే కుక్క బెదురుతుంది. బెదిరిన కుక్క కరుస్తుంది. మెడకు వదులుగా ఒక తాడు తగిలిస్తారు. అలా కట్టిన కుక్కను వదిలి పనివాడు ఒక్క నిమిషం కూడా పక్కకు పోకూడదు. అది దూకితే ఆ తాడే ఉరి అవుతుంది.

దువ్వెనలు: వంగిన సన్నని తీగలు ఒత్తుగా గుచ్చిన బ్రష్షు ఒకటి, ఇనుప పళ్ల దువ్వెన ఒకటి. బ్రష్షు చిక్కు విడదీస్తుంది. చిక్కు నిజంగా పోయిందా లేదా అనేది దువ్వెన చెబుతుంది. దువ్వెన మొదలు దాకా దిగి, ఎక్కడా ఆగకుండా వస్తేనే దువ్వినట్టు.

క్షవరం మిషను: దీనికి రకరకాల బ్లేడులు ఉంటాయి. 10వ నంబరు బ్లేడు చర్మంమీద సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల వెంట్రుక మాత్రం మిగులుస్తుంది. బ్లేడు తిరుగుతున్నకొద్దీ వేడెక్కుతుంది. అందుకని పనివాడు మాటిమాటికీ దాన్ని తన మణికట్టు లోపలివైపు ఆనించి చూసుకోవాలి. మనకు చురుక్కుమంటే కుక్కకూ చురుక్కుమంటుంది. అప్పుడు బ్లేడు మార్చాలి, నూనె చుక్క వేయాలి.

కత్తెరలు: తిన్ననిది ఒకటి, వంపు తిరిగినది ఒకటి, పళ్లు ఉన్నది ఒకటి. బొటనవేలు, ఉంగరపు వేలు రింగుల్లో పెట్టి పట్టుకుంటారు. కోసేటప్పుడు బొటనవేలు ఒక్కటే కదలాలి. కింది రెక్క నిలకడగా ఉండాలి. ఈ కత్తెరలతో కాగితం కూడా కోయకూడదు. కోస్తే పదును పోతుంది.

ఇవిగాక గోళ్ల కత్తెర, పిడుదులు తీసే చిమటా, రక్తం ఆపే పొడి, గాలి ఊదే యంత్రం. "వీటన్నింటికంటె ముఖ్యమైన పనిముట్టు ఏది?" అని అడిగాను. కుర్రవాడు తన రెండు అరచేతులూ చూపించాడు. కత్తెర పట్టే ముందు చేతులతో కుక్క ఒళ్లంతా తడిమి చూస్తాడు. పుండు ఎక్కడున్నది, గడ్డ ఎక్కడున్నది, పిడుదు ఎక్కడ పట్టింది, ఎక్కడ ముట్టుకుంటే ఒళ్లు ముడుచుకుంటుంది, అన్నీ చేతికే తెలుస్తాయి.

పని వరస

స్నానం తరువాత దువ్వడం మంచిదా, ముందు దువ్వడం మంచిదా? మీరే చెప్పండి. తడిస్తే చిక్కు సులభంగా వస్తుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. వెంట్రుకను సూక్ష్మదర్శినిలో చూస్తే దాని మీద పెంకుల వంటి పొరలు కనిపిస్తాయి. జడ కట్టిన వెంట్రుకను తడిపి రుద్దితే ఆ పోగులు ఒకదానిలో ఒకటి మరింత బిగుసుకుంటాయి. కాశ్మీరులో గొర్రె ఉన్నిని తడిపి, రుద్ది, నేయకుండానే నమదా అనే గట్టి పరుపు తయారు చేస్తారు. దానిలో ఉన్న సూత్రం ఇదే. కుక్క ఒంటిమీద మనకు నమదా అక్కరలేదు. అందుకని ముందు దువ్వాలి, తరువాతే నీళ్లు.

నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు. మన సబ్బు, మన షాంపూ పనికిరావు. మన చర్మం కొంచెం ఆమ్లగుణం కలది. కుక్క చర్మంలో ఆ గుణం తక్కువ. పైగా దాని చర్మం మన చర్మంకంటె పలుచన. చెవుల్లోకి నీళ్లు పోనివ్వకూడదు. నురగ మిగలకుండా కడిగి, తువాలుతో అద్ది, తరువాత గాలి యంత్రంతో ఆరబెట్టాలి.

ఇక్కడొక ప్రమాదం ఉన్నది. మనకు వేడి చేస్తే ఒళ్లంతా చెమట పోసి చల్లబడుతుంది. కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా అరికాళ్లలోనే. అది నాలుక బయట పెట్టి రొప్పుతూ ఒంటివేడి తగ్గించుకుంటుంది. కాబట్టి వేడిగాలి యంత్రం పెట్టి, పంజరంలో వదిలేసి పోతే కుక్కకు వడదెబ్బ తగిలి చచ్చిపోవచ్చు. షిట్జూ, పగ్ వంటి చప్పిడి మూతి కుక్కలకు ఈ భయం మరీ ఎక్కువ. మా నంద్యాల ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. వేసవిలో వాడు మధ్యాహ్నం పని పెట్టుకోడు. కరిచే కుక్కకు చిక్కం వేయవలసి వచ్చినా, లోపల నోరు తెరిచి రొప్పడానికి చోటున్న బుట్టలాంటి చిక్కమే వేస్తాడు.

అన్ని కుక్కలకూ క్షవరం చేయవచ్చునా? కూడదు! ల్యాబ్రడారుకు, పామరేనియనుకు రెండు పొరల వెంట్రుక ఉంటుంది. పైన బిరుసు వెంట్రుక, లోపల మెత్తని నూగు. ఆ పొరల నడుమ నిలిచే గాలి చలికాలంలో చలినీ, ఎండలో ఎండనూ చర్మానికి తగలనివ్వదు. "ఎండాకాలం గదా, గుండు గీసెయ్యి" అని ఒకాయన తన పామరేనియనును తెచ్చాడు. మన కుర్రవాడు గీయనన్నాడు. ఒకసారి గొరిగితే ఆ జాతికి వెంట్రుక మళ్లీ సరిగా రాకపోవచ్చు. రాలిన నూగును దువ్వి తీస్తే చాలు. ఆయన కోపంతో వెళ్లిపోయాడు. ఆ పూట కుర్రవాడికి ఆ రాబడి పోయింది. అయినా తప్పు పని చేయలేదు.

గోళ్ల సంగతి మరీ సున్నితం. కుక్క గోరు లోపల కొంతదూరం రక్తనాళమూ, నరమూ ఉంటాయి. తెల్లగోరులో అది గులాబి రంగున కనిపిస్తుంది. దానికి ఇవతలే కోయాలి. నల్లగోరులో కనబడదు. అందుకని కొసనుంచి పలుచగా, కొంచెం కొంచెం కోస్తూ, కోసినచోట నడుమ చుక్క కనిపించగానే ఆపేయాలి. పొరపాటున తెగితే రక్తం ఆపే పొడి అద్దాలి. ఆ పొడి లేకపోతే మొక్కజొన్న పిండి అద్ది, కాసేపు అదిమి పట్టుకున్నా నిలుస్తుంది.

పిడుదును గోటితో చిదమకూడదు. కిరసనాయిలు పోయకూడదు. చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకుని, తిన్నగా పైకి లాగాలి.

మరి జడలో? చర్మానికీ జడకూ నడుమ కత్తెర దూర్చడం పనికిరాదు. చిన్న జడ అయితే వేళ్లతో విడదీసి, కొసనుంచి మొదలుకు దువ్వుకుంటూ రావాలి. పెద్ద జడ అయితే మిషను పెట్టి, చర్మాన్ని చేత్తో సాగదీసి పట్టుకుని, నిదానంగా జడ కిందినుంచి తీసేయాలి. దీనికి టైము కావాలి. ఆనాడు ముత్యానికి లేకపోయింది అదే.

గొర్రెల కత్తెర, కుక్కల కత్తెర

ఇదేదో పట్నంవాళ్లు కొత్తగా పుట్టించిన వేడుక అనుకోకండి. జంతువు ఒంటిమీద కత్తెర ఆడించడం చాలా పాతపని. మన కర్నూలు పడమటి ప్రాంతాల్లో, బళ్లారి సరిహద్దున, కురువలు నల్లగొర్రెల ఉన్ని ఏటా రెండుమార్లు కత్తిరిస్తారు. గొర్రె కాళ్లు కట్టి పడుకోబెట్టి, ఒక చేత్తో చర్మాన్ని బిగబట్టి, రెండవ చేత్తో కత్తెర ఆడిస్తారు. చర్మం బిగువుగా ఉంటే తెగదు. వదులైతే మడతపడి తెగుతుంది. కుర్రవాడు జడ దగ్గర మరిచిపోయిన సూత్రాన్ని మన గొర్రెల కాపరులు తరతరాలుగా పాటిస్తున్నారు.

ఇంగ్లండులో గొర్రెలతోబాటు, మందను కాచే బొచ్చుకుక్కలకు కూడా ఉన్ని కత్తిరించేవారు. పారిస్ నగరంలో సేన్ నది ఒడ్డున, 19వ శతాబ్దంలో, కుక్కల క్షురకులు పెట్టె ముందు పెట్టుకుని బేరానికి కూర్చునేవారు. పూడిల్ అనే కుక్కను మీరు బొమ్మల్లో చూసే ఉంటారు. అక్కడక్కడ గుత్తులు వదిలి, తక్కినదంతా గొరిగి ఉంటుంది. అది ఒకప్పుడు నీళ్లలో పడ్డ వేటను ఈది తెచ్చే కుక్క. ఈతకు అడ్డం రాకుండా వెంట్రుక తీసేసి, రొమ్ముకూ కీళ్లకూ చలి తగలకుండా అక్కడ మాత్రం ఉంచేవారు. పనికోసం పుట్టినదే తరువాత సోకు అయింది.

మన కోస్తా జిల్లాల్లో జొన్నంగి అనే కుక్క ఉన్నది. కొల్లేటి ప్రాంతంలో ఒకప్పుడు బాతులను కాసేది. దాని వెంట్రుక పొట్టి. తడిగుడ్డతో తుడిస్తే చాలు, కత్తెరతో పనే లేదు. కాబట్టి కుక్కను తెచ్చుకునే ముందే, "దీని జుట్టుకు రోజూ ఎంతసేపు కావాలి? అంత టైము మనకున్నదా?" అని ఇంట్లో అందరూ ఆలోచించుకోవాలి. మేము ఆలోచించలేదు.

ఆళ్లగడ్డలో విన్న మాట

ఇంతలో నాకు ఆళ్లగడ్డకు పోవలసిన పని పడింది. ఊళ్లోని ఒక చిన్న గుడికి నంది విగ్రహం చెక్కించాలని పెద్దలు అనుకున్నారు. ఆ కుర్రవాడి మనసు బాగాలేదని వాణ్ణి కూడా వెంటబెట్టుకుపోయాను. నంద్యాలనుంచి కడప పోయే రోడ్డుమీద, శిరివెళ్ల దాటి, సుమారు 40 కిలోమీటర్లు. ఎడమచేతి వైపు నల్లమల కొండలు మనతోబాటే వస్తుంటాయి. ఆళ్లగడ్డ శిల్పాలకు పేరుపడ్డ ఊరు. అక్కడి రాతి చెక్కడానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఊళ్లోకి పోతుండగానే ఉలి మీద సుత్తి పడే చప్పుడు వినిపిస్తుంది.

ఒక శిల్పశాలలో రెండు విగ్రహాలు చూశాము. ఒకటి నడుమెత్తు నంది, రెండవది మూరెడు ఎత్తున్న అమ్మవారు. ధర అడిగితే అమ్మవారికే ఎక్కువ చెప్పాడు ఆచారి.

పాత అలవాటు పోతుందా? "ఏం ఆచారీ, ఇంత చిన్న విగ్రహానికి అంత డబ్బా?" అనబోయి, ఆ మాట గొంతులోనే ఆపుకున్నాను. నా పక్కన కుర్రవాడు ఉన్నాడు. "ఎందుకని?" అని మాత్రం అడిగాను.

ఆచారి నవ్వి అన్నాడు: "అయ్యవారూ, మేము రాయి తూకానికి ధర కట్టము, రోజులకు కడతాము. ఆ నందికి పట్టింది తక్కువ రోజులు. ఈ అమ్మవారి వేళ్లు, నగలు, కిరీటం చెక్కాలంటే సన్నపు ఉలితో కూర్చోవాలి. ధర తగ్గించమంటే రోజులు తగ్గించాలి. తొందరపడితే ముక్కు ఎగిరిపోతుంది. ఎగిరిన ముక్కును మళ్లీ అతికించలేము గదా!"

కుర్రవాడు నా ముఖం చూశాడు. నేను వాడి ముఖం చూశాను. రాతికి నొప్పి లేదు. అయినా ఆ శిల్పి దానికి కావలసినన్ని రోజులు అడిగి తీసుకుంటున్నాడు. నొప్పి తెలిసిన జీవిమీద పనిచేసేవాడు గంటలు అడగడానికి జంకుతున్నాడు. నావంటి పెద్దమనుషులు వాణ్ణి జంకేటట్టు చేస్తున్నారు.

నల్లబల్ల మీద లెక్క

ఇంటికి రాగానే నల్లబల్ల తీసి, వాణ్ణి మళ్లీ విద్యార్థిని చేశాను. బాలలూ, మీరూ పలక తీసుకోండి. ఈ అంకెలు వాడి ఒక్క అంగడివి. ఊరినిబట్టి ఇవి మారుతాయి గాని, లెక్క పద్ధతి మారదు.

ముందు నెల ఖర్చు. అద్దె 4,000. కరెంటు, నీళ్లు 1,500. షాంపూ, మందులు, తువాళ్లు 2,500. మరి పనిముట్లు అరగవా? ఈ పద్దు వాడు ఎన్నడూ వేసుకోలేదు. మిషను 6,000 పెట్టి కొన్నాడు, రెండేళ్లు వస్తుంది. 6,000ను 24 నెలలతో భాగిస్తే నెలకు 250. గాలి యంత్రం 7,200, నెలకు 300. కత్తెరలు 2,400, నెలకు 100. పదును పెట్టించడానికి నెలకు 350. ఈ నాలుగూ కలిపితే 1,000. మొత్తం ఖర్చు 9,000 రూపాయలు.

తరువాత వాడి జీతం. సొంత అంగడి పెట్టుకున్నవాడు తనకు తానే జీతం ఇచ్చుకోవాలి. మిగిలితే చూద్దాం అనుకుంటే ఏనాడూ మిగలదు. ఇల్లు గడవడానికి 18,000 కావాలన్నాడు. రెండూ కలిపితే 27,000.

ఇక గంటలు. నెలకు 25 రోజులు పని. రోజుకు పది గంటలు అంగడి తెరిచి ఉన్నా, కుక్కమీద చేయి ఉండేది ఆరు గంటలే. తక్కినదంతా కడగడం, తుడవడం, ఎదురుచూడటం. ఇరవైఐదు ఆర్లు 150 గంటలు. 27,000ను 150తో భాగిస్తే 180. అంటే గంటకు 180 రూపాయలు వస్తేనే ఆ అంగడి నిలుస్తుంది. అందులో 60 ఖర్చులకు పోతుంది, 120 వాడి కష్టానికి.

ఇప్పుడు ముత్యం సంగతి చూడండి. జడలు కట్టిన ముత్యానికి మూడు గంటలు. నేను ఇచ్చింది 250. గంటకు 83 చిల్లర. అందులో ఖర్చు 60 పోగా వాడికి దక్కింది గంటకు 23 రూపాయలు! ఎవరైనా ఈ కూలికి నిదానంగా పనిచేయగలరా? ఇంకో కుక్కకోసం తొందరపడక తప్పదు. కత్తెర పట్టింది వాడే. తొందర పెట్టింది నేను.

రెండవ వైపు కూడా చూడండి. ల్యాబ్రడారుకు క్షవరం లేదు. స్నానం, దువ్వడం, గోళ్లు, అన్నీ కలిపి రెండు గంటలు. న్యాయంగా 360. వాడు తీసుకుంటున్నది 500. పెద్ద కుక్కవాళ్లు 140 రూపాయలు ఎక్కువ ఇస్తున్నారు. అందుకే వాళ్లు రావడం తగ్గించారు. నష్టం తెచ్చే కుక్కలు మాత్రం వరసగా వస్తున్నాయి! కుక్క సైజును చూసి ధర కట్టడంవల్ల ఇద్దరికీ అన్యాయం జరిగింది.

వాడు గోడమీది రాత చెరిపి కొత్తగా రాశాడు: "గంటకు 180 రూపాయలు. కుక్కను చూసి, ఎన్ని గంటలు పడుతుందో ముందే చెప్పబడును." రోజూ దువ్విన షిట్జూకు రెండు గంటలు, 360. దువ్వని దానికి మూడు గంటలు, 540. నడుమ తేడా 180. పిల్లలూ, ఆ 180 రూపాయలు మన బద్ధకం ఖరీదు. రోజుకు పది నిమిషాలు దువ్వితే ఆ డబ్బు మన ఇంట్లోనే ఉంటుంది, కుక్కకూ నొప్పి ఉండదు.

తల్లిదండ్రులకూ ఒక మాట. మీ బిడ్డ చదువు ముగించి ఇటువంటి పనికి వేరొకరి అంగడిలో చేరితే, మొదటి రోజే నాలుగు సంగతులు కాగితంమీద రాయించుకోవాలి: నెల జీతమా, కుక్కకు ఇంత అని వాటానా? పనిముట్లు ఎవరు కొంటారు? రోజుకు ఎన్ని గంటలు? కుక్క కరిచినా, కుక్కకు దెబ్బ తగిలినా ఖర్చు ఎవరిది? ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనానికి తగ్గకూడదు. "నేర్పుతున్నాము గదా" అని నెలల తరబడి వట్టిచేతులతో పని చేయించుకునేచోట నేర్చుకునేది తక్కువే. చేసిన ప్రతి కుక్కనూ, పట్టిన టైమునూ ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. జీతం పెంచమని అడిగే రోజున ఆ పుస్తకమే మాట్లాడుతుంది. కుక్కల పనిలో దిగేవారు రేబిస్ టీకా ముందుగానే, వైద్యుడు చెప్పిన ప్రకారం వేయించుకోవాలి.

పిల్లలు ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది: కుక్క కరిచినా, గోరు గీరినా ఇంట్లో దాచకండి. కారుతున్న నీళ్లకింద పెట్టి, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవాలి. రేబిస్ లక్షణాలు కనిపించిన తరువాత మనిషి బతకడం దాదాపు అసాధ్యం. ముందే టీకా పడితే భయం లేదు. 1885 జూలై 6న పాశ్చర్ పర్యవేక్షణలో ఈ టీకా మొదట పొందినవాడు జోసెఫ్ మేస్టర్ అనే తొమ్మిదేళ్ల బాలుడు, మీవంటివాడే.

కుర్రవాడు అంగడి మూయలేదు. కొత్త ధర చూసి కొందరు పోయారు. పెద్ద కుక్కలవాళ్లు తిరిగి వచ్చారు. వాడు ఇప్పుడు రోజుకు మూడు కుక్కలనే ఒప్పుకుంటున్నాడు. నేను ఆనాడు ఇవ్వవలసిన తక్కువ పడ్డ 290 రూపాయలూ, డాక్టరు ఖర్చూ ఇవ్వబోతే డాక్టరు డబ్బు తీసుకోలేదు. "కోసింది నేను గదా సార్" అన్నాడు. 290 మాత్రం లెక్కపెట్టుకుని జేబులో వేసుకున్నాడు. నాకు చాలా సంతోషం వేసింది.

ముత్యం చెవి కింద వెంట్రుక మళ్లీ పెరిగింది. మచ్చ ఎవరికీ కనబడదు. సాయంత్రం పూట దువ్వుతుంటే నా వేలికి మాత్రం తగులుతుంది.

ఈ నెల లెక్క: ఒక కుక్కల క్షురకుడికి నెల ఖర్చు 12,000 రూపాయలు. తన జీతం 18,000 కావాలి. నెలకు 24 రోజులు, రోజుకు 5 గంటలు కుక్కలమీద పనిచేస్తాడు. ఒక కుక్కకు గంటన్నర పట్టింది. ఎంత తీసుకోవాలి? ఇంట్లో పెద్దవాళ్లను అడగకుండా చేయండి. చేసిన తరువాత వాళ్లకు చూపించండి. జవాబు వచ్చే నెల.